మొదటి ఆక్సోలోటల్‌కు ఇల్లు సిద్ధం చేయడం: కొనడానికి ముందూ తరువాతా చేయవలసిన పనులు

మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి 2021లో ఆక్సోలోటల్ వచ్చిన తరువాత, అంతవరకు జీవశాస్త్ర ప్రయోగశాలల వారికే బాగా పరిచయమైన ఈ జీవి పేరు పిల్లల నోళ్లలో నానడం మొదలైంది. ఇంట్లో చేపల తొట్టి ఖాళీగా ఉంది కదా, అందులో వేసి పెంచుకుందామని చాలామంది అనుకుంటారు. ఇది చేప కాదు. బల్లి ఆకారంలో ఉండే సాలమాండర్ జాతికి చెందిన ఉభయచరం. తన బంధువుల మాదిరిగా రూపం మార్చుకుని నేల మీదికి రాకుండా, తలకు రెండు వైపులా కుచ్చుల్లాంటి మొప్పలతో జీవితాంతం నీటిలోనే ఉండిపోతుంది. చక్కగా చూసుకుంటే పది నుంచి పదిహేనేళ్లు బతుకుతుంది. అంటే అయిదో తరగతి పిల్లవాడి కోసం కొన్నది అతని ఇంజినీరింగ్ చదువు పూర్తయ్యాక కూడా ఇంట్లో ఉండవచ్చు, అప్పుడు దాన్ని చూసుకోవలసింది తల్లిదండ్రులే.

దీని సొంత ఊరు మెక్సికో నగరం దక్షిణ భాగంలో ఉన్న షోచిమిల్కో కాలువలు. సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైన ఉన్న ఆ ప్రాంతంలో నీరు ఏడాది పొడవునా చల్లగా ఉంటుంది. ఇంట్లో పెంచేటప్పుడు 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ ఉన్న నీరు దీనికి అనువైనది. 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది మొదలవుతుంది, 24 దాటితే ప్రాణాపాయం. ఏప్రిల్ నెలలో విజయవాడలోనో వరంగల్‌లోనో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీటిలో చేయి పెట్టి చూసినవారికి సమస్య ఎంత పెద్దదో వేరే చెప్పనక్కరలేదు. కాబట్టి ఈ వ్యవహారంలో అసలు కొనవలసింది చల్లని నీరు. జంతువును కొనడం చిట్టచివరి పని. ఈ వరుస తలకిందులైన ఇళ్లలో ఆక్సోలోటల్ మొదటి వేసవి దాటడం కష్టం.

ముందుగా చట్టం సంగతి

సహజ ఆవాసంలో ఆక్సోలోటల్ అంతరించే దశకు చేరింది. అందువల్ల అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధంలో ఇది ఉంది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు సైటిస్ జాబితాలోని జీవులన్నింటినీ నాలుగో షెడ్యూల్‌లోకి తెచ్చారు. వాటిని ప్రాణంతో తమ వద్ద ఉంచుకునేవారు వివరాలు నమోదు చేయించుకోవాలని 2024 ఫిబ్రవరిలో కేంద్రం నియమాలు జారీ చేసింది. జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ నడిపే పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి దరఖాస్తు చేయాలి. అది గుడ్లు పెట్టి పిల్లలైనా, చనిపోయినా, మరొకరికి ఇచ్చినా ఆ సంగతి కూడా తెలియజేయాలి.

అమ్మేవారిని అడగవలసినవి కూడా ఇక్కడి నుంచే పుడతాయి. ఆ జంతువు నమోదు పత్రం, కొనుగోలు రసీదు, దుకాణమైతే రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదైన ధ్రువపత్రం చూపించమని అడగాలి. "ఇవన్నీ ఎవరూ అడగరండీ" అని నవ్వి తోసిపుచ్చేవారి వద్ద కొనకపోవడమే మంచిది, ఎందుకంటే తరువాత సమాధానం చెప్పుకోవలసింది కొన్నవారే.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాలకు వేరే చిక్కు ఉంది. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో ఆక్సోలోటల్‌ను పెంచడం నిషిద్ధం. మెయిన్ రాష్ట్రంలోనూ అంతే. పక్క రాష్ట్రంలో అమ్ముతున్నారు కదా అని కారులో పెట్టుకుని తెచ్చుకోవడం నేరం అవుతుంది. ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు తమ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నిబంధనలు చూసుకున్నాక, చల్లని బేస్‌మెంట్ ఉంటే సగం పని అయిపోయినట్టే.

నీటిని చల్లబరిచే ఏర్పాటు

మన మైదాన ప్రాంతాల్లో దీనికి నమ్మదగిన మార్గం ఒక్కటే: కంప్రెసర్‌తో పనిచేసే అక్వేరియం చిల్లర్. ఫ్రిజ్‌లో ఉండే యంత్రమే ఇందులోనూ చిన్న రూపంలో ఉంటుంది. నూట పాతిక లీటర్ల నీటికి పదో వంతు హార్స్‌పవర్ చిల్లర్ సరిపోతుందని డబ్బాల మీద రాసి ఉంటుంది గానీ, ఆ లెక్క గది 25, 26 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. గది వేడి 38కి చేరే ఇళ్లలో ఒక పరిమాణం పెద్దది తీసుకోవాలి, లేకపోతే యంత్రం ఆగకుండా నడుస్తూనే ఉంటుంది, నీరు మాత్రం 22 కంటే కిందికి దిగదు. చిన్న బిళ్లతో పనిచేసే కంప్రెసర్ లేని చిల్లర్లు చవకగా దొరుకుతాయి. ఇంత నీటిని అవి చల్లబరచలేవు. చిల్లర్ వెనుక నుంచి వేడి గాలి వస్తుంది కనుక దాన్ని తొట్టి స్టాండు కింద అరలో పెట్టి తలుపు మూయకూడదు.

మిగతా ఉపాయాల బలం, బలహీనత తెలిసి ఉండటం మంచిది. నీటి పైభాగాన ఫ్యాను పెడితే ఆవిరి వల్ల నీరు చల్లబడుతుంది, మట్టి కుండలో నీరు చల్లబడేది కూడా ఇలాగే. గాలి పొడిగా ఉండే హైదరాబాద్ వేసవిలో దీనివల్ల కొంత ఫలితం కనిపిస్తుంది. ఉక్కపోతగా ఉండే విశాఖ, కాకినాడ వంటి చోట్ల కనిపించదు. ఏసీ గదిలో తొట్టి ఉంటే చిల్లర్ మీద భారం తగ్గుతుంది, కానీ 24 డిగ్రీల గదిలో నీరు దాదాపు 24 డిగ్రీల దగ్గరే ఉంటుంది కనుక ఏసీ ఒక్కటే చాలదు. ఇక మంచు సీసాల సంగతి: ఒక లీటరు గడ్డకట్టిన నీరు పూర్తిగా కరిగినా 120 లీటర్ల నీటిని ఒక డిగ్రీ కూడా దించలేదు. కరెంటు పోయినప్పుడు, చిల్లర్ చెడిపోయినప్పుడు గట్టెక్కడానికి నాలుగైదు సీసాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచుకోవాలి. రోజూ వాటి మీదే ఆధారపడితే నీటి వేడి పైకీ కిందికీ ఊగి జంతువు మరింత నలుగుతుంది.

ఖర్చు లేని సాయం ఒకటి ఉంది. తొట్టి వెనుక, రెండు పక్కల, అడుగున అంగుళం మందం థర్మోకోల్ షీటు అతికిస్తే చల్లదనం బయటికి పోవడం బాగా తగ్గుతుంది. ఇన్వర్టర్ ఉన్నవారు చిల్లర్ కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు లాగే కరెంటును అది మోయగలదా లేదా అని ఎలక్ట్రీషియన్ చేత ముందే పరీక్ష చేయించుకోవాలి. తొట్టి కంటే చిల్లర్‌కే ఎన్నో రెట్లు ఖర్చవుతుంది. ఆ ఖర్చు ఇప్పుడు వీలుకాదనుకుంటే ఆక్సోలోటల్ ఆలోచన వాయిదా వేసుకుని, మన వేడికి తట్టుకునే గప్పీలో గౌరామీలో పెంచుకోవడం మేలని నా అభిప్రాయం.

తొట్టి, అడుగు, దాక్కునే చోటు

ఇది ఈదడం కంటే నీటి అడుగున నడవడం ఎక్కువగా చేసే జీవి. లోతు కంటే అడుగు వైశాల్యం ముఖ్యం. పెద్దదయ్యాక 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది కనుక మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న గాజు తొట్టి ఒక్కదానికి సరిపోతుంది. అందులో అడుగు ఎత్తు వరకు నింపితే సుమారు 127 లీటర్లు పడతాయి. పైన ఖాళీగా ఉంచిన ఆరంగుళాలు, ఒక జాలీ మూత కలిసి అది బయటికి దూకకుండా కాపాడతాయి. నీరు, గాజు, స్టాండు కలిపి బరువు 150 కిలోలు దాటుతుంది కనుక చెక్క బల్ల పనికిరాదు. ఇనుప స్టాండు చేయించుకోవాలి. కిటికీ ఎండ తగలని గోడ పక్కన, వంటింటికి దూరంగా, అగరుబత్తి పొగ రాని చోట ఉంచాలి.

అడుగున రంగు గులకరాళ్లు పరచడం దుకాణదారుల అలవాటు. ఆక్సోలోటల్ ఆహారాన్ని కొరకదు. నోరు ఒక్కసారిగా తెరిచి నీటితో సహా లోపలికి లాక్కుంటుంది. పక్కనున్న రాయి కూడా దానితోపాటు పోయి పేగుల్లో ఇరుక్కుంటుంది, అక్కడి నుంచి దాన్ని బయటికి తీయడం చాలా కష్టం. పిల్ల 12, 13 సెంటీమీటర్లు పెరిగేదాకా అడుగు ఖాళీగా ఉంచాలి. తరువాత టీ వడకట్టే జాలీలోంచి దిగే సన్నని ఇసుకను అరంగుళం మందాన పరచవచ్చు, దానివల్ల కాళ్లకు పట్టు దొరుకుతుంది. తాండూరు బండ ముక్కలు పరచాలనుకునేవారు అది సున్నపురాయి అని గుర్తుంచుకోవాలి. నీటి కఠినత్వాన్ని అది ఇంకొంచెం పెంచుతుంది.

దాక్కోవడానికి కనీసం రెండు చోట్లు కావాలి. రంగు వేయని మట్టి పూలకుండీని పక్కకు పడుకోబెట్టినా, నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క వేసినా చాలు. అంచులు గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయాలి, ఎందుకంటే మొప్పల కుచ్చులు చాలా సున్నితమైనవి. దీనికి కనురెప్పలు లేవు. అందుకని తొట్టి పైన ప్రకాశవంతమైన లైటు పెట్టకూడదు. తక్కువ వెలుతురులో, చల్లని నీటిలో పెరిగే అనూబియాస్, జావా ఫెర్న్, జావా మాస్ మొక్కలు నీడనిస్తాయి.

ఫిల్టర్ విషయంలో ఒక వైరుధ్యం ఎదురవుతుంది. ఆక్సోలోటల్‌కు నీటి ఒరవడి పడదు, చిల్లర్‌లోకి మాత్రం నీరు వేగంగా పోవాలి. చిల్లర్ నుంచి తిరిగి వచ్చే గొట్టానికి చిన్న చిన్న రంధ్రాలున్న పైపు తగిలించి, ఆ రంధ్రాలను వెనుక గోడ వైపు తిప్పితే వేగం గాజుకు తగిలి చల్లారిపోతుంది. దీనికి తోడు ఎయిర్ పంపుతో నడిచే పెద్ద స్పాంజ్ ఫిల్టర్ ఒకటి ఉండాలి. తరువాతి దశలో అసలు పని జరిగేది అందులోనే. పంపు నీరు పీల్చే మూతికి కూడా ఒక స్పాంజ్ తొడగాలి.

నీరు ఎలాంటిది

కాస్త కఠినమైన నీరే దీనికి మంచిది కనుక చాలా ఊళ్ల బోరు నీరు ఇక్కడ పనికివస్తుంది. పీహెచ్ 7.4, 7.6 మధ్య ఉంటే శ్రేష్ఠం; 6.5 నుంచి 8 వరకు తట్టుకుంటుంది. మరీ ఉప్పగా, బకెట్ల మీద తెల్లని పొర కట్టే నీరైతే ఆర్ఓ నీటిని కలిపి పలుచన చేయాలి. ఆర్ఓ నీరు ఒక్కటే వాడకూడదు, అందులో ఖనిజాలు ఉండవు. మునిసిపల్ నీటిలో క్లోరిన్ ఉంటుంది, ట్యాంకర్ నీటిలో ఒక్కొక్కప్పుడు బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పుమంటుంది. చేపల దుకాణాల్లో దొరికే యాంటీ క్లోరిన్ మందు సీసా మీద రాసిన మోతాదులో కలిపిన తరువాతే ఆ నీటిని తొట్టిలో పోయాలి.

నెలా రెండు నెలల ఖాళీ తొట్టి

అందరికీ విసుగు పుట్టించేది, ఎవరూ దాటవేయకూడనిది ఈ దశ. ఆక్సోలోటల్ విసర్జనలోంచి అమ్మోనియా పుడుతుంది, అది విషం. ఫిల్టర్ స్పాంజ్‌లో పెరిగే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, అదీ విషమే. మరో రకం బాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది, ఇది కొద్ది మోతాదులో హాని చేయదు. ఈ రెండు రకాలూ తగినంతగా పెరగడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఆ కాలంలో జంతువు తొట్టిలో ఉండకూడదు కనుక బాక్టీరియాకు మేత మనమే వేయాలి.

తొట్టి నింపి, ఫిల్టర్ నడిపించి, చిల్లర్‌ను మాత్రం ఆపి ఉంచండి. 26, 28 డిగ్రీల వెచ్చదనంలో బాక్టీరియా త్వరగా పెరుగుతుంది. మన వాతావరణం మనకు మేలు చేసేది ఈ ఒక్క దశలోనే. అమ్మోనియం క్లోరైడ్‌ను నీటిలో కరిగించి వేయాలి. 120 లీటర్లకు ముప్పావు గ్రాము వేస్తే అమ్మోనియా దాదాపు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అవుతుంది. ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవారు వాడే నవసాగరం కూడా ఇదే పదార్థం, కానీ దానిలో ఏం కలిసి ఉందో తెలియదు కనుక ప్రయోగశాలలకు సరఫరా చేసే దుకాణంలో శుద్ధమైనది చిన్న సీసా కొనుక్కోవాలి.

పరీక్షకు కాగితపు పట్టీలు కాకుండా చుక్కల మందుతో చేసే కిట్ తీసుకోండి. గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల తొట్టి నీరు పోసి, సూచించినన్ని చుక్కలు వేసి, అయిదు నిమిషాలు ఆగి, రంగును అట్టతో పోల్చాలి. అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. నైట్రైట్ లేకపోతే లేత నీలం, ఉంటే ఊదా. నైట్రేట్ పరీక్షలో రెండో సీసాను కనీసం అర నిమిషం గట్టిగా కుదిపిన తరువాతే చుక్కలు వేయాలి. దానిలోని పొడి అడుగున పేరుకుపోతుంది, కుదపకపోతే ఎంత నైట్రేట్ ఉన్నా లేనట్టే చూపిస్తుంది. పగటి వెలుతురులో, తెల్ల కాగితం వెనుక పెట్టి చూస్తే రంగుల తేడా బాగా తెలుస్తుంది.

మొదటి వారం పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత అమ్మోనియా తగ్గడం, నైట్రైట్ పరీక్ష ముదురు ఊదాకు ఎక్కడం కనిపిస్తాయి. అమ్మోనియా సున్నాకు దిగిన ప్రతిసారీ మళ్లీ కొంత వేస్తూ ఉండాలి. నైట్రైట్ వారాల తరబడి కదలకపోవడం మామూలే. ఎక్కువగా ఆర్ఓ నీరు వాడిన తొట్టిలో పీహెచ్ పడిపోయి మొత్తం ప్రక్రియ ఆగిపోతుంటుంది. కొంత బోరు నీరు మార్చి పోస్తే మళ్లీ కదులుతుంది. ఈరోజు 2 పీపీఎం వేస్తే రేపు ఇదే వేళకు అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాలి. వరుసగా రెండు మూడు రోజులు ఇలాగే వస్తే తొట్టి సిద్ధమైనట్టు. అప్పుడు సగానికి పైగా నీరు మార్చి నైట్రేట్‌ను 20 పీపీఎం లోపుకు తెచ్చి, చిల్లర్ వేసి, నీరు 17 డిగ్రీల దగ్గర నిలిచాక ఒకసారి మళ్లీ పరీక్షించాలి, ఎందుకంటే చల్లదనంలో బాక్టీరియా పని నెమ్మదిస్తుంది.

ఎంపిక, ఇంటికి తేవడం

పెంపుడు ఆక్సోలోటల్‌లలో ఎక్కువ భాగం 1860లలో మెక్సికో నుంచి పారిస్ చేరిన కొద్ది జంతువుల సంతతి నుంచి వచ్చినవే. నల్ల కళ్లున్న లేత గులాబీ రంగుదే అందరూ అడుగుతారు. బంగారు రంగు, ముదురు నలుపు, మచ్చలతో ఉన్న గోధుమ ఆకుపచ్చ రకాలు కూడా అంతే ఆరోగ్యంగా పెరుగుతాయి. రంగు కంటే వయసు ముఖ్యం. ఎనిమిది సెంటీమీటర్ల కంటే చిన్న పిల్లలకు రోజుకు రెండుసార్లు మేత వేయాలి, చిన్న పొరపాటుకే చనిపోతాయి, కాబట్టి మొదటిసారి పెంచేవారు పది సెంటీమీటర్లు దాటినదాన్ని తీసుకోవాలి.

మొప్పల కుచ్చులు నిండుగా ఉన్నాయా, నాలుగు కాళ్లూ వేళ్లూ ఉన్నాయా, పొట్ట వెడల్పు తల వెడల్పుకు సమానంగా ఉందా, చర్మం మీద దూది లాంటి తెల్లదనం ఏమైనా ఉందా అని చూడాలి. మీ ఎదుట మేత వేసి తినిపించమని అడగండి. తెగిన కాలు తిరిగి మొలిపించుకోగల జీవి కనుక చిన్న గాయం గురించి బెంగపడనక్కరలేదు. తిననిదాన్ని మాత్రం తీసుకోవద్దు. ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనిపించడం దాని నోటి ఆకారమే తప్ప సుఖంగా ఉందనడానికి గుర్తు కాదు. ఒక్కదాన్నే కొనండి. తోడు లేదని అది దిగులుపడదు. రెండుంటే ఒకదాని మొప్పలూ కాళ్లూ మరొకటి కొరుకుతుంది, ఆడా మగా అయితే వందల గుడ్లు, వాటి వెంట నమోదు బాధ్యతలు వస్తాయి. చేపలతో కలిపి ఉంచడం కూడా వద్దు.

జంతువున్న నీటి సంచిని థర్మోకోల్ పెట్టెలో, గుడ్డ చుట్టిన ఐస్ ప్యాక్ పక్కన పెట్టి, తెల్లవారుజామునో రాత్రివేళనో తీసుకురావాలి. సంచిని మూత విప్పకుండా అరగంట తొట్టి నీటిలో తేలనిచ్చి, ఆ తరువాత కొంచెం కొంచెంగా తొట్టి నీరు అందులో పోస్తూ మరో అరగంట గడపాలి. జంతువును మెత్తని వలతోనో చిన్న డబ్బాతోనో తీసి తొట్టిలో వదిలి, సంచిలోని నీటిని పారబోయాలి. ఆ రోజు లైట్లు వేయకుండా, మేత పెట్టకుండా వదిలేయండి. చూడటానికి చుట్టుపక్కల పిల్లలు మర్నాడు రావచ్చు.

మేత, రోజువారీ పని

వానపామును మించిన ఆహారం దీనికి లేదు. వర్మీకంపోస్టు యూనిట్లలో రెండు రకాల వానపాములు ఉంటాయి. సన్నగా ఎర్రచారలతో ఉండేవి పట్టుకుంటే చేదు ద్రవం వదులుతాయి, వాటిని చాలా ఆక్సోలోటల్‌లు నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తాయి; లావుగా ఊదా మెరుపుతో ఉండే ఆఫ్రికన్ రకం ఇష్టంగా తింటాయి. పురుగుమందు కొట్టిన పొలాల నుంచి తవ్వి తేకూడదు. క్లోరిన్ లేని నీటిలో కడిగి, దాని తల వెడల్పుకు మించకుండా ముక్కలు చేసి, పట్టకారుతో ముక్కు ముందు ఆడిస్తే చటుక్కున లాక్కుంటుంది. పిల్లలకు రోజూ, పూర్తిగా పెరిగినవాటికి రెండు మూడు రోజులకొకసారి చాలు. మునిగే గుళికలు, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ మధ్యమధ్యలో వేయవచ్చు. మాంసం ముక్కలు, బజారు చేపపిల్లలు వద్దు.

మిగిలిన మేత, విసర్జన కనిపించిన రోజే పెద్ద డ్రాపర్‌తో తీసేయాలి. వారానికోసారి అయిదో వంతు నీరు మార్చాలి. కొత్త నీటిని ముందురోజే యాంటీ క్లోరిన్ కలిపి, చల్లబరిచి ఉంచుకోవాలి. స్పాంజ్‌ను కుళాయి కింద కడిగితే నెలల తరబడి పెంచిన బాక్టీరియా క్లోరిన్‌కు చచ్చిపోతుంది, కాబట్టి తొట్టి నుంచి తీసిన పాత నీటిలోనే పిండాలి. ఉభయచరాల చర్మం నీటిలో ఉన్నదాన్నంతా పీల్చుకుంటుంది. ఆ గదిలో దోమల కాయిల్, బొద్దింకల స్ప్రే వాడకూడదు. సబ్బు, శానిటైజర్ అంటిన చేయి నీటిలో పెట్టకూడదు. దాన్ని ముద్దుగా చేతిలోకి తీసుకోవడం అసలే వద్దు.

ఇబ్బంది కనిపిస్తే

మొప్పలు ముందుకు వంగితే నీటి ఒరవడి ఎక్కువైందనో, నీరు చెడిందనో అర్థం. తోక కొన కొక్కెంలా వంగినా, మేత మానేసినా, మాటిమాటికీ పైకి వచ్చి గాలి మింగుతున్నా ముందు థర్మామీటర్, తరువాత అమ్మోనియా పరీక్ష చూడాలి. చాలాసార్లు కారణం ఈ రెండింటిలోనే దొరుకుతుంది. అమ్మోనియా కనిపిస్తే మూతకు రంధ్రాలున్న ఒక ప్లాస్టిక్ టబ్‌లో, అదే చల్లదనం ఉన్న శుభ్రమైన నీటిలోకి మార్చి, తొట్టి కుదుటపడేదాకా రోజూ ఆ టబ్ నీరు మొత్తం మార్చాలి. మొప్పల మీద దూది లాంటి ఫంగస్ తొలిదశలో ఉంటే చల్లని శుభ్రమైన నీరే ముఖ్యమైన వైద్యం. వీధుల్లో కనిపించే బాదం చెట్టు ఎండుటాకును కడిగి ఆ టబ్‌లో వేస్తే దానిలోని టానిన్లు కొంత సాయం చేస్తాయి. చేపల కోసం అమ్మే నీలం, ఆకుపచ్చ మందులు, రాగి కలిసిన మందులు వేయకూడదు. రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే పశువైద్యుడికి చూపించాలి; ఉభయచరాలను చూసే వైద్యులు కొద్దిమందే ఉంటారు కనుక ఆ ఫోన్ నంబరు జంతువును కొనకముందే సంపాదించి పెట్టుకోవాలి.

ఊరికి వెళ్లవలసి వస్తే ఆరోగ్యంగా ఉన్న పెద్ద ఆక్సోలోటల్ నాలుగైదు రోజులు మేత లేకుండా ఉండగలదు, కానీ చిల్లర్ ఆగిన తొట్టిలో వేసవి మధ్యాహ్నం ఒక్కటి గడపడం కూడా కష్టమే. అందుచేత ఇంటి తాళం అప్పగించి వెళ్లే పక్కింటివారికి మేత గురించి చెప్పనవసరం లేదు; పొద్దునా సాయంత్రం థర్మామీటర్ చూడమని, 20 దాటితే ఫ్రీజర్‌లోని సీసా ఒకటి నీటిలో వేసి వెంటనే మీకు ఫోన్ చేయమని చెప్పాలి.